మోడెమ్ స్పీకర్ ఆపెయ్యకు

జులై 2001

చి. కిరణ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

ఫోన్ లైన్ మీద కంప్యూటర్‌కు నెట్ తెచ్చే ఆ మోడెమ్ కలవడం లేదని విండోస్ 98 మళ్ళీ వేయిస్తానని రాశావు. ఆ పని ఇప్పుడే పెట్టుకోకు. ముందు కంట్రోల్ ప్యానెల్‌లో మోడెమ్ ప్రాపర్టీస్ తెరిచి స్పీకర్ వాల్యూమ్ పెంచు. అర్ధరాత్రి ఆ గోల ఏమిటని మీ అమ్మ ఆపించిందట కదా, ఓ వారం ఓర్చుకోమను. కనెక్షన్ ఎక్కడ తెగుతోందో చెవికి తెలిసినంత తొందరగా ఇంకెవరికీ తెలియదు.

మొదట డయల్ టోన్ వినపడాలి. అది రాక 680 ఎర్రర్ పడిందంటే వైరు సంగతి చూడు. గోడ నుంచి వచ్చే వైరు మోడెమ్ వెనక లైన్ అని రాసిన సాకెట్‌లోనే ఉండాలి. ఫోన్‌లో టోన్ చక్కగా వినపడుతున్నా మోడెమ్ మాత్రం టోన్ లేదంటుంటే, కనెక్షన్ ట్యాబ్‌లో 'వెయిట్ ఫర్ డయల్ టోన్' టిక్ తీసెయ్యి. నంబరు వెళ్ళాక ఎంగేజ్ టోన్ వస్తే (676 ఎర్రర్) తప్పు నీది కాదు, అవతల లైన్లు నిండాయి. ఎంసెట్ ఫలితాల రోజు నువ్వే చూశావుగా! రెండు వైపుల మోడెమ్‌లు కలిసేటప్పటి కూత అంతా సవ్యంగా అయ్యాక 691 ఎర్రర్ అంటే పాస్‌వర్డ్ తప్పు. క్యాప్స్ లాక్ చూసుకో, గంటల ప్యాక్ అయిపోయిందేమో కూడా చూసుకో.

అసలు తలనొప్పి కూత మొదలై, మళ్ళీ మళ్ళీ అదే కూసి, తెగిపోవడం. నువ్వు రాసినదాన్ని బట్టి నీది ఇదే, అదీ వానలు మొదలయ్యాక. ఫోన్ ఎత్తి ఒక్క అంకె నొక్కు. టోన్ ఆగి నిశ్శబ్దం రావాలి. గరగరలాడితే లైన్లో తేమో, వదులు జాయింటో ఉన్నట్టు. లోపలి గదిలో అదే లైన్‌కు తగిలించిన పారలల్ ఫోన్ తీసేసి మళ్ళీ విను. తగ్గకపోతే గోడ మీద ఫోన్ వైర్లు కలిసే చిన్న డబ్బా, అదే రోజెట్ బాక్స్, మూత విప్పు. స్క్రూల దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. వైరు కొస కత్తిరించి, కొత్త రాగి తేల్చి, గట్టిగా బిగించు. చెప్పులు వేసుకో, ఒట్టి చేత్తో తీగ ముట్టకు. బెల్ మోగేటప్పుడు అందులో సుమారు 75 వోల్టులు వస్తాయి, ఝల్లుమంటుంది.

అప్పటికీ గరగర పోకపోతే లోపం వీధిలో ఉంది. ఫోన్ ఫిర్యాదుల నంబరు 198కి చేసి "నెట్ రావడం లేదు" అన్నావో, ఫోన్ పనిచేస్తోందిగా అని లైన్‌మన్ వెళ్ళిపోతాడు. "మాట వినపడటం లేదు, గరగరమంటోంది" అను. స్తంభం దగ్గరి జాయింటు అప్పుడు చూస్తాడు.

ఒకసారి కలిశాక మధ్యలో తెగుతుంటే పక్క గదిలో ఎవరైనా రిసీవర్ ఎత్తారేమో అడుగు. కాల్ వెయిటింగ్ ఉంటే తీయించు. 56కె అని డబ్బా మీద ఉన్నది నమ్మి దిగులుపడకు, ఈ లైన్ల మీద సెకనుకు 33,600 బిట్లు నిలకడగా వస్తే నేనైతే చాలనుకుంటాను. స్పీడ్ కోసమని ప్రాపర్టీస్‌లోని మాక్సిమమ్ స్పీడ్‌ను 56కి దగ్గరగా దించేవాళ్ళున్నారు, అది కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య వేగం. 115200 దగ్గరే ఉంచు.

ఉరుములప్పుడు కరెంటు ప్లగ్ ఒక్కటే తీస్తే చాలదు, ఫోన్ వైరు కూడా పీకెయ్యి. పిడుగు దెబ్బకు మోడెమ్‌లు పోయేది ఎక్కువగా ఆ దారినే.

ముందు రోజెట్ బాక్స్ పని చూసి, రాత్రి ఎస్టీడీ రేటు తగ్గాక ఫోన్ చెయ్యి. కూత ఎక్కడ ఆగిందో చెప్తే చాలు, మిగతాది నేను చెప్తాను.

పెదనాన్న