కంప్యూటర్ సందేహాలు: గేమ్ మొదలుపెట్టిన కాసేపటికే ఆగిపోతోంది

ప్రశ్న: నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్‌లో ఇంటెల్ కోర్ ఐ5-2500కె ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. అమ్మినవారు ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ నిర్ణయించిన దానికన్నా వేగం పెంచి, 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంచారు. సినిమాలు చూసినా, కాలేజీ ప్రాజెక్టు చేసుకున్నా ఏ ఇబ్బందీ లేదు. ప్రాసెసర్‌ను పరీక్షించే ప్రైమ్95 అరగంట నడిపినా ఆగలేదు. గేమ్ మొదలుపెడితే మాత్రం దాదాపు ఇరవై నిమిషాలకు ఒక్కోసారి బ్లూ స్క్రీన్ వస్తోంది, ఒక్కోసారి దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. విండోస్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ అని ఉంది. దుకాణంలో చూపిస్తే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) మార్చమన్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఇప్పుడే మార్చకండి. ‘కెర్నల్-పవర్ 41’ అన్న నమోదు చూసి చాలామంది కరెంటు సరఫరాలోనే లోపం ఉందనుకుంటారు. నిజానికి ఆ నమోదుకు అర్థం, కిందటిసారి కంప్యూటర్ పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాలేదని మాత్రమే. ఎందుకు కాలేదో అది చెప్పదు. అదే జాబితాలో ‘వీ-లాగర్’ (WHEA-Logger) పేరుతో ప్రాసెసర్ లోపాలేమైనా నమోదయ్యాయేమో చూడండి. బ్లూ స్క్రీన్ మీద ‘వీ అన్‌కరెక్టబుల్ ఎర్రర్’ (WHEA_UNCORRECTABLE_ERROR) అని గానీ, ‘క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్’ అని గానీ కనిపిస్తే, ఓవర్‌క్లాక్ చేసిన ఈ తరం ప్రాసెసర్‌లలో మొదట అనుమానించవలసింది ఆ వేగానికి వోల్టేజీ చాలకపోవడాన్నే. ‘వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్’ అని వస్తే చూపు గ్రాఫిక్స్ కార్డు వైపు, దాని డ్రైవర్ వైపు తిప్పాలి.

మొదట చేయవలసిన పనికి పైసా ఖర్చు లేదు. యంత్రాన్ని దాని అసలు వేగానికి తీసుకురండి. 2011 జనవరిలో విడుదలైన మీ ప్రాసెసర్‌కు ఇంటెల్ నిర్ణయించిన వేగం 3.3 గిగాహెర్ట్జ్, టర్బోలో (అవసరమైనప్పుడు తనంతట తానే పెంచుకునే వేగం) 3.7. బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) డీఫాల్ట్ సెట్టింగులు లోడ్ చేస్తే సరిపోతుంది. అయితే ఆ పని చేసే ముందు బయాస్‌లోని ప్రతి పేజీనీ ఫోనుతో ఫొటో తీసుకోండి. ముఖ్యంగా హార్డ్ డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతైన శాటా మోడ్ ‘ఏహెచ్‌సీఐ’లో ఉందో ‘ఐడీఈ’లో ఉందో గుర్తుపెట్టుకోండి, డీఫాల్ట్‌తో అది మారిపోతే విండోస్ తెరుచుకోదు, లేని రోగం కొత్తగా వచ్చిందని కంగారు పడతారు. గ్రాఫిక్స్ కార్డు వేగాన్ని కూడా ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో పెంచి ఉంటే దాన్నీ వెనక్కి తగ్గించండి. ఈ స్థితిలో రెండు మూడు రోజులు అవే గేములు ఆడి చూడండి. ఆగకుండా నడిస్తే తప్పు ఓవర్‌క్లాక్‌దే గానీ విడిభాగాలది కాదని దాదాపుగా తేలిపోయినట్టే.

ప్రైమ్95లో నిలిచిన యంత్రం గేములో ఎందుకు పడిపోతుందన్నది మీ ఉత్తరంలో అసలైన చిక్కు. ప్రైమ్95 ప్రధానంగా ప్రాసెసర్‌నే వేడెక్కిస్తుంది. గేములో దానితోపాటు 120 వాట్ల గ్రాఫిక్స్ కార్డు కూడా పనిచేస్తూ తన వేడిలో చాలా భాగాన్ని కేబినెట్ లోపలే వదులుతుంది. ప్రాసెసర్ వేడి నిమిషాల్లో పెరిగి ఒకచోట స్థిరపడుతుంది గానీ, కేబినెట్‌లోని గాలి, ప్రాసెసర్ సాకెట్ చుట్టూ వోల్టేజీని నియంత్రించే భాగాలు, ఎస్‌ఎంపీఎస్ నెమ్మదిగా వేడెక్కుతాయి. మీరు చెప్పిన ఇరవై నిమిషాల వ్యవధి నన్ను అటువైపే ఆలోచింపజేస్తోంది. దీన్ని తేల్చుకోవడం తేలిక: ఓవర్‌క్లాక్ ఉన్నప్పుడే కేబినెట్ పక్క తలుపు తీసి, టేబుల్ ఫ్యాన్ గాలి లోపలికి తగిలేలా పెట్టి ఆడండి. ఇరవై నిమిషాలకు ఆగేది గంటసేపు నడిస్తే కారణం వేడే. మీ ఊరి ఎండల్లో గది వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి భాగాల వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది కాబట్టి, శీతాకాలంలో నిలిచిన సెట్టింగు మే నెలలో నిలవకపోవచ్చు.

వేడి అని తేలితే ప్రాసెసర్ మీద వేడిని లాగేసే హీట్‌సింక్ విప్పి చూడండి. ఆ రెంటి మధ్య వేడిని చేరవేసే పాత థర్మల్ పేస్టు ఎండిన సున్నంలా పొడిగా రాలుతుంటే, దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టండి. కంపెనీ హీట్‌సింక్ అయితే దాని నాలుగు ప్లాస్టిక్ కాళ్లూ బోర్డులో పూర్తిగా దిగాయో లేదో వెనకవైపు నుంచి చూడాలి. ఒక్క కాలు పైకి లేచినా ఆ మూల ఒత్తిడి ఉండదు. నిజానికి 4.5 గిగాహెర్ట్జ్‌కు ఆ చిన్న హీట్‌సింక్ చాలదనే నా అభిప్రాయం. ప్రాసెసర్ వాడుకునే విద్యుత్తు వేగంతోపాటు పెరుగుతుంది, వోల్టేజీ పెరిగితే దాని వర్గానికి (స్క్వేర్‌కు) అనుగుణంగా పెరుగుతుంది. 3.7 నుంచి 4.5కూ, 1.2 వోల్టుల నుంచి 1.35కూ వెళితే ఖర్చయ్యే విద్యుత్తు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

అసలు వేగంలో కూడా యంత్రం ఆగిపోతేనే విడిభాగాలను అనుమానించాలి. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86తో రాత్రంతా పరీక్షించండి. ఒక్క తప్పు చూపినా ఆ ర్యామ్‌ను నమ్మవద్దు. ఎస్‌ఎంపీఎస్ మీది లేబుల్‌లో మొత్తం వాట్లు కాదు, 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా ఆ వరుస మీదే నడుస్తాయి. అక్కడ 15 ఆంపియర్లే ఉంటే దానర్థం 180 వాట్లు, మీ యంత్రానికి అది చాలదు. గేము నడుస్తుండగా మల్టీమీటర్‌తో కొలిస్తే ఆ వరుస 11.4 వోల్టులకు తగ్గకూడదు. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణాపాయమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. 600 వీఏ యూపీఎస్ గుండా నడుపుతున్నారేమో కూడా చూసుకోండి. అలాంటివాటిలో చాలావరకు 360 వాట్లకు మించి మోయలేవు, బ్యాటరీ పాతదైతే అదీ ఉండదు. గేము మధ్యలో కరెంటు క్షణం తగ్గినా యంత్రం రీస్టార్ట్ అవుతుంది. ఒకసారి నేరుగా గోడ ప్లగ్‌కు పెట్టి పరీక్షించండి.

తప్పు ఓవర్‌క్లాక్‌దే అయితే, వోల్టేజీ ఇంకా పెంచి 4.5ను నిలబెట్టాలని చూడకండి. ఏళ్ల తరబడి ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి భరించిన ప్రాసెసర్‌కు అదే వేగం కోసం రానురాను మరికాస్త వోల్టేజీ కావలసివస్తుంది. పెంచినకొద్దీ ఆ అరుగుదల వేగవంతమవుతుంది. 4.2 దగ్గర ఆపి, గేములో వేడి 80 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే మీరు పోగొట్టుకునేది పెద్దగా ఏమీ ఉండదు. నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు) మాత్రమే ఉన్న ఈ ప్రాసెసర్ మీద కొత్త గేములు తడబడటానికి థ్రెడ్లు చాలకపోవడం పెద్ద కారణం. దాన్ని 300 మెగాహెర్ట్జ్ తీర్చలేదు.

ఇవన్నీ చేశాక కూడా ఆగుతుంటే, బ్లూ స్క్రీన్ మీది మాటలు, ఎస్‌ఎంపీఎస్ లేబుల్ వివరాలు, ఆగే ముందు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఎన్ని డిగ్రీల్లో ఉన్నాయో రాసి పంపండి.