ఔటర్ మీద ఆఫీసుకు వెళ్లేవారికి హైబ్రిడ్ కారు గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: మాది తుక్కుగూడ. వారానికి మూడు రోజులు ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకు వెళ్తాను. రానూపోనూ 70 కిలోమీటర్లు. నెలకోసారి అమ్మానాన్నల దగ్గరికి సూర్యాపేట వెళ్లివస్తాం. మిగిలినదంతా సెలవు రోజుల్లో ఊళ్లో తిరుగుడే. మారుతీ గ్రాండ్ వితారా కారు కొనాలనుకుంటున్నాం. అందులో మైల్డ్ హైబ్రిడ్ మాన్యువల్‌కు లీటరుకు 21.11 కిలోమీటర్లు, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 27.97 కిలోమీటర్లు అని కంపెనీ చెబుతోంది. మేము చూసిన వేరియంట్ల ఎక్స్ షోరూమ్ ధరల్లో తేడా రెండున్నర లక్షలు. ఏడేళ్ల రుణానికి వడ్డీ 9 శాతం. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు హైబ్రిడ్ తప్పక కలిసివస్తుందని అందరూ అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజనుకు తోడు బ్యాటరీతో పనిచేసే మోటారు కూడా ఉండే కారు. నగర ట్రాఫిక్‌లో అది కలిసివస్తుందన్న మాట నిజమే. అయితే మీరు ఉండేది నగరంలోనే అయినా, మీ కారు ఎక్కువగా నడిచేది హైవే మీద. సెలవులు తీసేసి ఏడాదికి 48 వారాలు వేసుకుంటే ఆఫీసు ప్రయాణమే పదివేల కిలోమీటర్లు దాటుతుంది. సూర్యాపేట రాకపోకలకు మరో 3,400 వేసుకుందాం. అంటే హైవే మీద సుమారు 13,500 కిలోమీటర్లు. ఊళ్లో తిరుగుడు వారానికి 50 కిలోమీటర్లనుకున్నా ఏడాదికి 2,500కు మించదు.

ఈ విభజన ఎందుకు ముఖ్యమో చెప్పడానికి హైబ్రిడ్ ఎక్కడ ఆదా చేస్తుందో చూడాలి. మూసాపేట నుంచి కూకట్‌పల్లి దాకా సాయంత్రం ఆరున్నరకు వెళ్లే మామూలు పెట్రోలు కారు బ్రేకు వేసిన ప్రతిసారీ అప్పటిదాకా కూడగట్టుకున్న వేగాన్ని వేడిగా వృథా చేస్తుంది, ఆగి ఉన్నంతసేపూ ఊరికే పెట్రోలు తాగుతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్ ఆ బ్రేకు శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీలోకి తిరిగి తీసుకుంటుంది, తక్కువ వేగంలో ఇంజను ఆపేసి మోటారుతోనే ముందుకు కదులుతుంది. ఔటర్ మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు బ్రేకుల పని తక్కువ కాబట్టి తిరిగి రాబట్టుకునేదీ తక్కువే. అక్కడ పెట్రోలును తినేది గాలి నిరోధం, అది రెండు రకాల కార్లకూ ఒకటే. హైబ్రిడ్ ఇంజను కాస్త పొదుపుగా పనిచేసేలా తయారైనది కనుక కొంత తేడా మిగులుతుంది, అంతే.

ఆ కొంత ఎంతో తెలుసుకోవడానికి మన దేశంలో ప్రకటించే అంకె పనికిరాదు. ఇక్కడి పరీక్షలో కారును రోలర్ల మీద, ఏసీ ఆపి, గరిష్ఠంగా 90 కిలోమీటర్ల వేగం వరకు నడిపి, ఊరికీ హైవేకీ కలిపి ఒక్కటే మైలేజీ ఇస్తారు. అమెరికాలో మాత్రం రెండూ విడివిడిగా ప్రకటిస్తారు. అక్కడ 2024 మోడల్ టయోటా కరోల్లా ఎల్ఈ అంకెలను మన కొలతల్లోకి మార్చుకుంటే, పెట్రోలు కారు ఊళ్లో లీటరుకు సుమారు 13.5, హైవే మీద 17.5 కిలోమీటర్లు ఇస్తుంది. అదే కారు హైబ్రిడ్ రూపంలో ఊళ్లో 22.5, హైవే మీద 19.5 ఇస్తుంది. మామూలు కారుకు హైవే మీద మైలేజీ పెరిగితే, హైబ్రిడ్‌కు తగ్గుతోందని గమనించండి. మీరు కొనబోయే కారు వేరైనా రెంటిలోనూ హైబ్రిడ్ పనిచేసే తీరు ఒకటే. మైల్డ్ హైబ్రిడ్‌లోని చిన్న మోటారు ఇంజనుకు చేయూత ఇస్తుందే తప్ప కారును తానుగా నడపలేదు, అందుకే దాన్ని పెట్రోలు కారుగానే లెక్కిస్తున్నాను.

లీటరు పెట్రోలు ₹107 చొప్పున వేసుకుంటే, ఊళ్లో నడిచే ప్రతి కిలోమీటరుకు హైబ్రిడ్ మీకు ₹3.17 మిగులుస్తుంది. హైవే మీద మిగిల్చేది 63 పైసలు. నా దృష్టిలో మీ నిర్ణయానికి ఆధారం కావలసినవి ఈ రెండు అంకెలే. మీ ప్రయాణాలకు వీటిని వర్తింపజేస్తే ఏడాది ఆదా సుమారు ₹16,400. ఇదే 16,000 కిలోమీటర్లలో 13,500 ఊళ్లోనూ 2,500 హైవే మీదా తిరిగే వ్యక్తికైతే ఆదా ₹44,400 వరకు వస్తుంది. కంపెనీ చెప్పే అంకెలతోనే లెక్కవేస్తే ఇద్దరికీ ఒకటే జవాబు, సుమారు ₹20,000 వస్తుంది. అంటే ఆ ఒక్క అంకె మీకు ఎక్కువ ఆశ పెడుతోంది, ట్రాఫిక్‌లో తిరిగేవాడికి రావలసిన దాన్ని సగానికి పైగా తగ్గించి చూపుతోంది.

ఇక ఖర్చు సంగతి. రెండున్నర లక్షల తేడా షోరూమ్ గుమ్మం దగ్గరే ఆగిపోదు. తెలంగాణలో ₹10 లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్స్ 17 శాతానికి తగ్గదు కనుక ఆ తేడా మీద పన్నే కనీసం ₹42,500 అవుతుంది. హైబ్రిడ్ వేరియంట్ ధర ₹20 లక్షల గీత దాటితే మొత్తం ధర మీద ఇంకా పెద్ద రేటు పడుతుంది, కాబట్టి ఇన్‌వాయిస్ అంకెను ముందే అడిగి చూసుకోండి. ఉత్తరప్రదేశ్ 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ పన్ను మినహాయించిన సంగతి మీరు చదివి ఉండవచ్చు. మన రాష్ట్రం అదే ఏడాది నవంబరులో 2026 డిసెంబరు 31 వరకు ఇచ్చిన మినహాయింపు పూర్తి విద్యుత్ వాహనాలకు సంబంధించినది, దాన్ని హైబ్రిడ్ లెక్కలో కలుపుకోకండి.

ఇన్సూరెన్సుతో కలిపి అదనపు భారాన్ని ₹3 లక్షలుగా తీసుకుందాం. ఏడేళ్ల రుణం మీద, 9 శాతం వడ్డీతో, దీని ఈఎంఐ నెలకు సుమారు ₹4,830. అందుకు బదులుగా పెట్రోలులో మీకు నెలకు మిగిలేది ₹1,370 లోపే. ఏడేళ్లలో ₹4 లక్షలకు పైగా కట్టి ₹1.15 లక్షలు ఆదా చేసుకుంటారు. అమ్మేటప్పుడు హైబ్రిడ్‌కు కొంత ఎక్కువ ధర పలకవచ్చు, కానీ దాదాపు మూడు లక్షల ఈ అంతరాన్ని అది పూడ్చుతుందని నేను లెక్కలో వేసుకోను. బ్యాటరీ గురించి మాత్రం దిగులు అక్కర్లేదు. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది, ఏడేళ్లలో మీ వాడకం 1,12,000 దగ్గరే ఆగుతుంది.

నిజం చెప్పాలంటే, పూర్తిగా అప్పు మీద కొనేవారు ఊళ్లోనే ఏడాదికి 18,000 కిలోమీటర్లకు పైగా తిరిగితే తప్ప ఆ ఈఎంఐకి సరిపడా పెట్రోలు మిగలదు. సొంత కారులో అంత తిరిగే కుటుంబాలు తక్కువే. చేతి డబ్బు పెట్టి, రోజూ ట్రాఫిక్‌లో నడిపి, పదేళ్లు ఉంచుకునేవారికి మాత్రం హైబ్రిడ్ బాగానే గిట్టుతుంది.

కాబట్టి పెట్రోలు ఆదా కోసమే అయితే మీరు స్ట్రాంగ్ హైబ్రిడ్ కొనవద్దు. చప్పుడు లేని నడక నచ్చి, అందుకు మూడు లక్షలు పెట్టగలిగితే అభ్యంతరం లేదు, కాకపోతే దాన్ని సౌకర్యానికి పెట్టే ఖర్చుగానే రాసుకోండి. మీకు రూపాయి ఖర్చు లేకుండా దక్కే ఆదా వేరే ఉంది, అది వేగం తగ్గించడం. ఔటర్ కుడి లేన్లలో 120 వరకు అనుమతి ఉన్నా, 90తో పోలిస్తే ఆ వేగంలో గాలి నిరోధం దాదాపు 78 శాతం ఎక్కువ. 30 కిలోమీటర్ల దూరానికి మీరు గెలుచుకునేది అయిదు నిమిషాలే.

ఆఫీసు మారినా, ఇల్లు మారినా పై రెండు అంకెలతో మళ్లీ గుణించి చూసుకోండి. ఈలోగా డీలరు ఇచ్చే టెస్ట్ డ్రైవ్‌ను షోరూమ్ వెనక సందులతో ముగించకండి. అక్కడ బండి దాదాపు బ్యాటరీ మీదే నడిచి, తెరపై కనిపించే మైలేజీ ఎవరికైనా నోరూరిస్తుంది. ట్రిప్ మీటరును సున్నా చేసి, ఏసీ వేసి, తుక్కుగూడ దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ దాకా మీ మామూలు వేగంతో వెళ్లి రండి. రెండు వేరియంట్లనూ ఒకే రోజు, ఒకే వేళకు అలా నడిపి, వచ్చిన మైలేజీలను నేను వేసిన 17.5, 19.5ల స్థానంలో పెట్టి లెక్క కట్టండి.