ప్రొపెల్లర్ కొనే ముందు మీటర్లు చూడండి

మరబోటు వేగం, అదుపు గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న (కమ్మింగ్, జార్జియా): లేక్ లేనియర్‌లో 20 అడుగుల ఫైబర్ బోటు నడుపుతున్నాం. బోటు వెనక తగిలించే యమహా ఎఫ్150 ఔట్‌బోర్డ్ ఇంజిన్, 17 పిచ్ మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్. ఏడుగురం ఎక్కితే ఫుల్ త్రాటిల్‌లో 5,100 ఆర్‌పీఎం వస్తోంది, జీపీఎస్‌లో గంటకు 35 మైళ్లు చూపిస్తోంది. 19 పిచ్ వేస్తే 40 దాటుతుందని ఒకరు చెప్పారు. వేయమంటారా?

జవాబు: వద్దు. మీకు పెంచాల్సింది పిచ్ కాదు, ఆర్‌పీఎం.

పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే, జారకుండా ఉంటే, ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో చెప్పే అంకె. కారు గేరు లాంటిదే. నిండా జనంతో ఘాట్ రోడ్డు ఎక్కుతూ టాప్ గేరు వేస్తే ఇంజిన్ ఎలా మూలుగుతుందో, బరువైన బోటుకు పెద్ద పిచ్ వేసినా అంతే. ఎఫ్150 ఫుల్ త్రాటిల్‌లో 5,000 నుంచి 6,000 మధ్య తిరగాలి. మీది ఇప్పటికే కింది అంచున ఉంది. పిచ్ ఒక అంగుళం పెరిగితే దాదాపు 150 నుంచి 200 ఆర్‌పీఎం పడిపోతుంది. రెండు అంగుళాలు పెంచితే 4,750 దగ్గరికి దిగుతారు.

లెక్క ఇలా వేసుకోండి. ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించి, గేర్ నిష్పత్తితోనూ 1,056తోనూ భాగిస్తే జారుడు లేని వేగం మైళ్లలో వస్తుంది. మీ గేర్ నిష్పత్తి 2, అంటే ఇంజిన్ రెండు చుట్లకు ప్రొపెల్లర్ ఒక చుట్టు. కాబట్టి 5,100 × 17 ÷ 2,112 అంటే 41 మైళ్లు. జీపీఎస్ 35 చూపిస్తోందంటే మీ స్లిప్, అంటే జారుడు, సుమారు 15 శాతం. ఈ రకం బోట్లకు 10 నుంచి 15 మధ్య ఉండటం మామూలే, అంటే ప్రొపెల్లర్ నీటిని బాగానే పట్టుకుంటోంది. ఇప్పుడు 19 పిచ్, 4,750 వేసి చూడండి: జారుడు లేకుండా 42.7, అదే స్లిప్‌తో 36. కాగితం మీదే ఒక్క మైలు లాభం. ఆ ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ పూర్తి పవర్ ఇవ్వదు కాబట్టి నీళ్లలో ఆ ఒక్క మైలూ దక్కకపోవచ్చు. పైగా బోటు ప్లేన్ ఎక్కడానికి, అంటే నీళ్లను చీల్చడం మాని నీటి మీదికి లేవడానికి, చాలాసేపు పడుతుంది. అంతసేపూ ఇంజిన్ బరువుకు కుంగుతూ వేడెక్కుతుంది.

15 పిచ్ వేయండి. ఏడుగురితో 5,450 – 5,500 రావాలి. పై వేగం ఒకటి రెండు మైళ్లు తగ్గొచ్చు, ప్లేన్ మాత్రం చప్పున ఎక్కుతుంది. తర్వాత ఇద్దరే ఎక్కి మళ్లీ చూడండి. అప్పుడు 6,000 దాటకూడదు. దాటుతుంటే పాత 17ను ఇద్దరు వెళ్లే రోజులకు ఉంచుకుని, 15ను కుటుంబంతో వెళ్లే రోజులకు వాడండి. మార్చడం పావుగంట పని.

కొలిచేటప్పుడు ప్రతిసారీ అంతే మంది, అంతే పెట్రోలు ఉండాలి. గాలి వాటున ఒకసారి, ఎదురుగా ఒకసారి నడిపి సగటు తీయండి. బోటు అడుగున నాచు పట్టి ఉంటే ముందు అది గీకండి, లేకపోతే ఏ అంకెనూ నమ్మలేం. కిల్ స్విచ్ తాడు, అంటే నడిపేవారు పడిపోతే ఇంజిన్ ఆపేసే తాడు, ఒంటికి తగిలించుకోండి. అమెరికాలో 26 అడుగుల లోపు మోటారు బోట్లకు 2021 ఏప్రిల్ నుంచి అది ఫెడరల్ నియమం కూడా.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్): వేగం కోసం ఔట్‌బోర్డ్‌ను రెండు బోల్టు రంధ్రాలు పైకి బిగించాం. నేరుగా వెళితే రెండు మైళ్లు పెరిగింది. మలుపు తిప్పగానే మాత్రం ఇంజిన్ ఒక్కసారి కేకపెడుతుంది, బోటు ముందుకు పోదు. ఇది కావిటేషనేనా?

జవాబు: అందరూ ఆ పేరే పెడతారు కానీ ఇది వెంటిలేషన్. రెండింటికీ తేడా తెలియకపోతే వైద్యం తప్పుతుంది. వెంటిలేషన్‌లో పైనుంచి గాలి, లేదా ఎగ్జాస్ట్ పొగ రెక్కల్లోకి చొరబడుతుంది. రెక్కలకు పట్టు పోయి ఆర్‌పీఎం ఒక్కసారి ఎగిరిపోతుంది. కావిటేషన్‌లో రెక్క మీద ఒత్తిడి బాగా పడిపోయి అక్కడి నీళ్లు మామూలు వేడిలోనే మరుగుతాయి. ఆ బుడగలు పేలిన చోట లోహం గుంటలు పడుతుంది. రెక్క మీద చెదలు తిన్నట్టు గరుకు మచ్చ కనబడితే అది కావిటేషన్ పని. వంగిన అంచో, రెక్కలో సొట్టో, ప్రొపెల్లర్ ముందు తప్పుగా బిగించిన, లోతు కొలిచే డెప్త్ ఫైండర్ సెన్సరో కారణమై ఉంటుంది.

రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ముప్పావు అంగుళం. అంటే మీరు ఒకటిన్నర అంగుళం లేపారు. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డపలక, అదే యాంటీ వెంటిలేషన్ ప్లేట్, బోటు అడుగుకు సమానంగా గానీ ఒక అంగుళం పైన గానీ ఉంటే సాధారణంగా సరిపోతుంది. ప్లేన్ మీద నడుస్తుండగా, నడపని మనిషి ఎవరైనా జాగ్రత్తగా కూర్చుని వెనక్కి చూస్తే పలక నీటి పైతలంలో తేలుతూ కనబడాలి. నీళ్లలో పూర్తిగా మునిగిపోతే మోటారు కిందికి ఉన్నట్టు, గాల్లో చాలా పైకి ఉంటే ఎక్కువ లేపినట్టు.

ఒక రంధ్రం దించండి. బరువులెత్తే హాయిస్ట్‌తో మోటారు బరువు పట్టుకున్నాకే బోల్టులు విప్పండి. జాకీ కింద పెట్టి లోయర్ యూనిట్ (నీళ్లలో మునిగే కింది భాగం) మీద బరువు మోపే పని చేయొద్దు. ట్రాన్సమ్‌లో, అంటే మోటారు బిగించే బోటు వెనక గోడలో, వాడని రంధ్రాలకు మెరైన్ సీలెంట్ పట్టించాలి. లోపల చెక్క ఉన్న బోటైతే ఆ రంధ్రంలోంచి దిగిన నీళ్లే దాన్ని కుళ్లబెడతాయి.

దించినా మలుపుల్లో జారుతుంటే నాలుగు రెక్కల, కప్పింగ్ ఉన్న స్టెయిన్‌లెస్ ప్రొపెల్లర్ తీసుకోండి. కప్పింగ్ అంటే రెక్క వెనక అంచును సన్నగా పెదవిలా వంచడం. గాలి దగ్గరగా ఉన్నా ఆ అంచు నీటిని వదలదు. నాలుగో రెక్క బోటు వెనక భాగాన్ని పైకి పట్టి ఉంచుతుంది, తక్కువ వేగంలోనూ ప్లేన్ నిలుపుతుంది. అయితే నాలుగో రెక్కా, కప్పింగూ రెండూ ఆర్‌పీఎం తింటాయి. అందుకే పిచ్ ఒక అంగుళం తగ్గించి అడగండి. ఇంకోమాట: మోటారు పైకి లేపిన ప్రతివారూ వాటర్ ప్రెషర్ గేజ్ పెట్టించుకోవాలి. చల్లబరిచే నీళ్లు లాగే రంధ్రాలు లోయర్ యూనిట్ పక్కనే ఉంటాయి. అవి గాలి పీల్చడం మొదలైతే వేగం మీద మోజు ఇంజిన్‌ను కాల్చేస్తుంది.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): నెమ్మదిగా వెళితే బాగానే ఉంటుంది. త్రాటిల్ నొక్కితే ఆర్‌పీఎం పెరుగుతుంది, బోటు వేగం పెరగదు. మలుపులో కాదు, నేరుగా పోతున్నా ఇంతే.

జవాబు: హబ్ జారుతోందని మా అనుమానం. ప్రొపెల్లర్‌కూ షాఫ్ట్‌కూ మధ్య రబ్బరు లేదా ప్లాస్టిక్ హబ్ ఉంటుంది. ఏదైనా గట్టిగా తగిలితే గేర్లకు బదులు అదే దెబ్బ కాస్తుంది. పెయింట్ మార్కర్‌తో లోపలి ఇత్తడి గొట్టం నుంచి రబ్బరు మీదుగా బయటి లోహం దాకా ఒకే గీత గీయండి. బోటును ఒకసారి ప్లేన్ ఎక్కించి వచ్చి చూడండి. గీత తెగి పక్కకు జరిగితే హబ్ పోయింది. ప్రెస్ చేసిన రబ్బరు హబ్ అయితే ప్రొపెల్లర్ షాపులో మార్పించాలి. మెర్క్యురీ ఫ్లో టార్క్ 2 లాంటి ప్లాస్టిక్ స్లీవ్ అయితే మీరే మార్చుకోవచ్చు.

విప్పేటప్పుడు తాళం చెవి జేబులో ఉండాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. రెక్కకూ దాని పైన ఉండే అడ్డపలకకూ మధ్య చెక్కముక్క అడ్డం పెట్టి నట్ తిప్పండి. ప్రొపెల్లర్ లాగాక షాఫ్ట్ మీద మిగిలే థ్రస్ట్ వాషర్‌ను తీసి, ఏ ముఖం ఎటు ఉందో ఫొటో తీసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు అది మరచిపోతే హబ్ నేరుగా గేర్‌కేస్‌ను ఒరుసుకుంటుంది. షాఫ్ట్ మొదట్లో చేపల గాలపు దారం చుట్టుకుని ఉంటే పూర్తిగా లాగేయండి. అది సీల్‌ను కోస్తుంది, నీళ్లు గేర్ ఆయిల్‌లో కలుస్తాయి. గేర్‌కేస్ కింది స్క్రూ కొద్దిగా వదిలినప్పుడు ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో వస్తే సీల్ పోయినట్టే. ఇక షాఫ్ట్ పళ్లకు వాటర్‌ప్రూఫ్ గ్రీజు రాసి ప్రొపెల్లర్ ఎక్కించండి. పెద్ద మెర్క్యురీ మోటార్లకైతే నట్ బిగింపు 55 అడుగు పౌండ్లు, ఆపై ట్యాబ్ వాషర్ చెవులు వంచాలి. యమహాకు నట్ గాడిలోంచి కాటర్ పిన్ దూర్చాలి. పాత పిన్ మళ్లీ వాడకండి.

ప్రశ్న (హ్యూస్టన్): స్టీరింగ్ వదిలితే బోటు కుడికి లాగుతోంది. మా మెర్‌క్రూజర్ ఆల్ఫా వన్ డ్రైవ్ (ఇంజిన్ బోటు లోపల, ప్రొపెల్లర్ ఉన్న డ్రైవ్ వెనక) తీసేసి జంట ప్రొపెల్లర్ల బ్రావో త్రీ పెడితే పోతుందా?

జవాబు: పోతుంది, కానీ ఆ ఖర్చు దండగ. ట్రాన్సమ్ అసెంబ్లీ మార్చాలి. ఆల్ఫాలో నీళ్ల పంపు డ్రైవ్‌లోనే ఉంటుంది, బ్రావోకు ఇంజిన్ మీద ఉంటుంది కాబట్టి అదీ పెట్టాలి. బ్రావో త్రీ ఉన్న బోటే కొనడం నయం. ముందు ప్రొపెల్లర్ పైన ఉండే చిన్న ట్రిమ్ ట్యాబ్ చూడండి. పాత స్థానం గుర్తు పెట్టుకుని, బోల్టు వదిలి, బోటు కుడికి లాగుతుంటే ట్యాబ్ వెనక అంచును కొద్దిగా కుడికి తిప్పి బిగించండి. ఒకసారికి ఒక గీత చొప్పున సరిచేయండి.

ప్రశ్న (కాకినాడ): ఫైబర్ పడవకు 9.9 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఉంది. వలలు, మనుషులతో నిండితే చాలా మెల్లగా పోతోంది. పెద్ద పిచ్ వేస్తే వేగం వస్తుందా?

జవాబు: రాదు, ఇంధనం దండగే. నిండిన పడవ నీటి మీదికి లేవదు, నీటిని తోసుకుంటూ పోతుంది. అలాంటి పడవ వేగానికి హద్దు దాని పొడవే పెడుతుంది: నీటి గీత దగ్గర పొడవును అడుగుల్లో తీసుకుని, వర్గమూలాన్ని 1.34తో గుణించండి. 25 అడుగులైతే 6.7 నాట్లు, గంటకు 12 కిలోమీటర్ల పైచిలుకు. ఇంజిన్ అక్కడికి తేలిగ్గా చేరాలంటే మీ మోడల్‌కు దొరికే వాటిలో వ్యాసం పెద్దదీ పిచ్ చిన్నదీ తీసుకోవాలి. స్పార్క్ ప్లగ్ తీగకు చుట్టే, ఆర్‌పీఎం చూపే చిన్న టాకోమీటర్ దొరుకుతుంది. బరువుతో ఫుల్ త్రాటిల్ ఇచ్చినప్పుడు ఇంజిన్ పుస్తకంలో రాసిన ఆర్‌పీఎం వచ్చేదాకా పిచ్ తగ్గిస్తూ రండి.

ఒడ్డుకు చేరేటప్పుడు రెక్కలు ఇసుకలో తిరగనివ్వకండి. అంచు మొద్దుబారితే పట్టు పోతుంది. చిన్న పళ్లు పడితే ఆకురాయితో సాఫు చేయొచ్చు, మూడు రెక్కలూ ఒకేలా ఉండాలి. ఇసుక నీటి పంపు లోపలి రెక్కల చక్రాన్ని (ఇంపెల్లర్) అరగదీస్తుంది కాబట్టి వేటనుంచి రాగానే మంచినీళ్లు పట్టి ఇంజిన్ కాసేపు నడపండి. మోటారుకు బదులు తాను తుప్పు పట్టే లోహపు ముక్కే ఆనోడ్; ఉప్పునీటిలో జింకు గానీ అల్యూమినియం గానీ ఆనోడే వాడండి. మెగ్నీషియం ఆనోడ్ మంచినీటికే.