పసుపు నుంచి మెదడు మందు: ఆ పరిశోధనకు ఏం చదవాలి?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా, పసుపు రైతులం. మా అమ్మాయి బీఫార్మసీ మూడో సంవత్సరం. వాళ్ల నాయనమ్మకు అల్జీమర్స్ వచ్చినప్పటి నుంచి, పసుపులోని కర్కుమిన్‌తో మెదడును కాపాడే మందు మీద పరిశోధన చేస్తానంటోంది. ఏం చదివించాలి? అందులో భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ఉంటుందండీ. అయితే కర్కుమిన్ అనే ఒక్క పదార్థానికే మీ అమ్మాయి కట్టుబడిపోకూడదు. ఎందుకో చెబుతాను, ఈ సంగతి ఆమెతో కూడా చదివించండి.

మన శరీర బరువులో మెదడు 2 శాతమే, కానీ పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. పైగా దాన్నిండా కొవ్వు పదార్థమే. అందుకే ఆక్సీకరణ దెబ్బ (ఆక్సిజన్ వాడకంలో పుట్టే చురుకైన అణువులు కణాలను పాడుచేయడం) దానికి తొందరగా తగులుతుంది. మొక్కల్లోని యాంటీ ఆక్సిడెంట్లు, అంటే ఆ అణువులను అదుపుచేసే పదార్థాలు, ఆ దెబ్బను ఆపుతాయన్న ఆశ అక్కడి నుంచే పుట్టింది. పరీక్షనాళికలో కర్కుమిన్ బాగానే పనిచేస్తుంది. కానీ అల్జీమర్స్ రోగులకు 24 వారాలపాటు ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనంలో (2012) మేలు కనిపించలేదు, రక్తంలోకి చేరిందే చాలా తక్కువ. పేగు దాన్ని సరిగా పీల్చుకోదు, పీల్చుకున్న కాస్తనూ కాలేయం వెంటనే మార్చేస్తుంది. మిరియాల్లోని పైపెరిన్ కలిపితే కర్కుమిన్ ఒంటికి పట్టడం సుమారు 20 రెట్లు పెరిగిందని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లోనే చూపారు. అయినా రక్తంలోకి వచ్చిందంతా మెదడులోకి వెళ్లదు. మధ్యలో రక్తనాళాల గోడ కట్టిన అడ్డు ఉంది. అసలు పని మిగిలి ఉన్నది అక్కడే.

మొక్క నుంచి మందు రాదని కాదు. స్నోడ్రాప్ అనే పూల జాతి మొక్కల్లో దొరికిన గాలంటమైన్‌ను 2001 నుంచి అమెరికాలో అల్జీమర్స్‌కు వాడుతున్నారు. అయితే అది పనిచేసేది యాంటీ ఆక్సిడెంట్‌గా కాదు, జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపడం ద్వారా. అది కూడా జబ్బును నయం చేయదు, లక్షణాలను కొంతకాలం తగ్గిస్తుంది.

కాబట్టి ఎంఫార్మసీలో ఫార్మకాలజీ (మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చదివే శాస్త్రం) తీసుకోమనండి. ఫార్మకోగ్నసీ మంచి సబ్జెక్టే, మొక్క గురించి లోతుగా నేర్పుతుంది. కానీ మందు ఒంట్లో ఎటు పోతోంది, ఏ కణం మీద ఎలా పనిచేస్తోంది అన్నది ఆమె తేల్చాల్సిన ప్రశ్న. మందును మెదడుకు చేర్చే పద్ధతులే నచ్చితే, మందుల తయారీ రూపాల గురించి చెప్పే ఫార్మాస్యూటిక్స్ కూడా సరైన దారే. ఇప్పటి నుంచే ఎంఫార్మసీ ప్రవేశానికి జాతీయ స్థాయిలో జరిగే జీప్యాట్ పరీక్షకు చదవాలి. ఆ అర్హత ఉంటేనే హైదరాబాద్ నైపర్ (కేంద్ర ప్రభుత్వ ఔషధ విద్యా పరిశోధన సంస్థ) ప్రవేశ పరీక్ష రాయడానికి వీలవుతుంది. జీప్యాట్‌తో ఎంఫార్మసీలో చేరితే స్టైపెండ్ కూడా దొరకొచ్చు. తర్వాత పీహెచ్‌డీకి జేఆర్ఎఫ్ (జూనియర్ పరిశోధకులకు ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి మాత్రం ఐదేళ్లు పట్టొచ్చు. ఆ లోపల పెళ్లి, ఉద్యోగం అంటూ టెన్షన్ పెట్టకండి.

ఫైనలియర్ ప్రాజెక్టులో చాలామంది ఆకు రసం తీసి, డీపీపీహెచ్ పరీక్షలో (యాంటీ ఆక్సిడెంట్ ఉంటే ద్రావణం ఊదా రంగు పోతుంది) రంగు పోయిందని చూపించి ముగిస్తారు. ఆ ఒక్క ఫలితంతో మెదడుకు మేలు జరుగుతుందని చెప్పలేం. కర్కుమిన్ తన రంగుతో, ఇతర పదార్థాలతో తేలిగ్గా చర్య జరిపే గుణంతో పరీక్షలనే తప్పుదారి పట్టిస్తుందని 2017లో ఔషధ రసాయన నిపుణులు హెచ్చరించారు కూడా. వేసవిలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో న్యూరో కణాల మీద పనిచేసే శాస్త్రవేత్తలకు ఈమెయిల్ రాయమనండి. ప్రయోగశాలలో కణాల పెంపకం, హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) నేర్చుకుంటే చాలు. రేపు పరిశోధన వద్దనుకున్నా హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో ఆ నైపుణ్యానికి ఉద్యోగం ఉంటుంది.

ఇంకో మాట. ఈ ఉత్సాహంలో మీ అమ్మగారికి కర్కుమిన్ మాత్రలు మొదలుపెట్టకండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు, కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. ముందు న్యూరాలజిస్టును అడగండి. కూరలో వేసే పసుపుతో ఇబ్బందేమీ లేదు.