ఏ యూనివర్సిటీలోనూ లేను, పీహెచ్‌డీ లేదు. నా రీసెర్చ్ పేపర్ ఎవరైనా వేస్తారా? డబ్బు కట్టాలా?

వేస్తారండీ. నేను బ్యాంకులో క్లర్కుని, చదివింది బీకామ్. మా ఊరి చింతచెట్ల మీద గూళ్లు పెట్టే ఓపెన్‌బిల్ కొంగల లెక్కలు రాసుకుని ఒక చిన్న పేపర్ వేయించుకున్నాను. కాకపోతే దానికి ముందు ఒక పేపర్ చేజేతులా పోగొట్టుకున్నాను. మీరు డబ్బు సంగతి అడిగారు కాబట్టి ముందు అదే చెప్తాను.

రెండేళ్ల లెక్కలు చేతిలో ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ‘ఇంటర్నేషనల్ జర్నల్’ లింకు పెట్టారు. ఐఎస్ఎస్ఎన్ నంబరు (పత్రికను గుర్తుపట్టడానికి ఇచ్చేది) ఉంది కదా అని నమ్మేశాను. అది రేషన్ కార్డు నంబరు లాంటిదని, ఆ ఇంట్లో వంట ఎలా ఉంటుందో దాన్ని బట్టి తెలియదని అప్పట్లో నాకు తెలియదు. సోమవారం పంపితే గురువారానికి ‘యాక్సెప్టెడ్’ అని మెయిల్. రివ్యూయర్, అంటే పేపర్‌ను పరిశీలించే ఆ సబ్జెక్టు నిపుణుడి, అభిప్రాయం ఒకే ఒక్క లైను: పేపర్ బాగుంది, స్పెల్లింగులు చూసుకోండి. 3,500 రూపాయలు ఫోన్‌పేలో కట్టాను. బంగారు అంచు సర్టిఫికెట్ వచ్చింది, మా నాన్న ఫ్రేము కట్టించారు. తర్వాత అదే పేపర్‌ను అసలైన జర్నల్‌కు పంపితే, ఇంతకుముందే అచ్చయింది కాబట్టి తీసుకోలేమన్నారు. రెండేళ్ల ఆదివారాలు అలా పోయాయి.

రెండోసారి మళ్లీ రెండేళ్లు లెక్కపెట్టి, ఈసారి ముందు నేను పంపాలనుకున్న జర్నల్లో వచ్చిన ఇరవై పేపర్లు చదివాను. పక్షుల మీద అయితే మన హైదరాబాద్ నుంచే 2004 నుంచి ‘ఇండియన్ బర్డ్స్’ వస్తోంది. అందులో రాసేవాళ్లలో ఉద్యోగాలు చేసుకుంటూ పక్షులు చూసే మామూలు జనం చాలామంది ఉంటారు. డబ్బు కడితేగానీ చదవలేని పేపర్ల కోసం వాటి రచయితలకే మెయిల్ పెట్టాను. ఐదుగురిలో ముగ్గురు పీడీఎఫ్ పంపారు.

ఫారంలో ‘ఏ సంస్థ’ అన్న గడి దగ్గర అందరికీ టెన్షన్. ‘ఇండిపెండెంట్ రీసెర్చర్’ అని, కింద ఊరి పేరు రాశాను. జీమెయిల్ ఇచ్చాను. ఓర్కిడ్ (ORCID) నంబరు, అంటే రచయితను గుర్తుపట్టే నంబరు, ఉచితమే, పది నిమిషాల పని. సంస్థ గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు.

అడిగింది వేరే. “ఒకే గూడును రెండుసార్లు లెక్కపెట్టలేదని ఎలా చెప్తారు?” అన్నారు రివ్యూయర్. నాకు ఒళ్లు మండింది. చెట్లకు సున్నంతో నంబర్లు వేసి, ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి గుడి మెట్ల మీద ఒకే చోట నిలబడి లెక్కపెట్టినవాణ్ణి! తీరా చూస్తే ఆ సంగతంతా నా నోటుబుక్కులో ఉంది, పేపర్లో లేదు. నాకు తెలుసు కదా అని రాయలేదు. పక్కన గైడ్ ఉంటే మొదటి రోజే పట్టుకునేవాడు. మనకు ఆ లోటు ఉంటుంది. అందుకని పంపే ముందు, ఆ సబ్జెక్టు తెలిసిన ఒక్కరి చేతైనా చదివించండి. మొత్తం పదిహేడు ప్రశ్నలు వచ్చాయి. ఒక్కోదానికి కింద జవాబు, ఏ పేజీలో ఏం మార్చానో రాసి పంపాను. అచ్చవడానికి పదకొండు నెలలు పట్టింది. పైసా ఖర్చు లేదు.

మీ సబ్జెక్టు గణితమో కంప్యూటర్ సైన్సో అయితే, పేపర్లను ఉచితంగా అందరికీ కనిపించేలా పెట్టే ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్లో పెట్టమని చెప్తారు. అది జర్నల్ కాదు, అక్కడ రివ్యూ ఉండదు. 2004 నుంచి కొత్తవాళ్లకు ఎండార్స్‌మెంట్, అంటే అక్కడ ఇప్పటికే పేపర్లు పెట్టినవారి సిఫార్సు, అడుగుతున్నారు. యాభైమంది ప్రొఫెసర్లకు ఒకే మెయిల్ కొట్టకండి. ఎవరి పేపర్ మీద మీ పని ఆధారపడిందో ఆయనకే రాయండి. రోగుల మీద, మందుల మీద అయితే మాత్రం ఒంటరిగా కుదరదు. పరిశోధన వల్ల రోగులకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకపోతే మంచి జర్నల్ ఏదీ ముట్టుకోదు. ముందే ఒక ఆసుపత్రితోనో కాలేజీతోనో కలవాలి, పని అయ్యాక అనుమతి ఇవ్వరు.

మీ సబ్జెక్టు ఏమిటో రాయలేదు. చెప్తే, ఎవరిని అడగాలో నాకు తెలిసినంతలో చెప్తాను. ఈలోగా ఎవరైనా మూడు రోజుల్లో వేస్తామంటే పంపకండి.