కోటిలింగాల నాణేలతో శాతవాహనుల పుట్టుక తేలిపోయినట్టేనా?

పూర్తిగా తేలలేదు. కానీ శాతవాహనులు కోటిలింగాల ప్రాంతం నుంచే ఎదిగారన్న వాదన బలమైనదే. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున, పెద్దవాగు కలిసే చోట ఉంది కోటిలింగాల. అక్కడ పురాణాలిచ్చే శాతవాహన వంశావళిలో మొదటివాడైన సిముకుడి నాణేలు దొరికాయి. వీటిని పరిశీలించి వెలుగులోకి తెచ్చిన వారిలో శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి ముఖ్యులు.

ఒక్క నాణెం దొరికితే అది రుజువు కాదు. డబ్బు వ్యాపారులతో ఎంత దూరమైనా పోతుంది, రోమన్ నాణేలు మన నేలలో దొరకడం లేదా! ఇక్కడి బలం మరోచోట ఉంది. గోభద, సమగోప వంటి, శాతవాహనులకు ముందటివారిగా భావించే స్థానిక పాలకుల నాణేలూ ఇదే ఊళ్లో బయటపడ్డాయి. అంటే పాత పాలకుల నుంచి కొత్త వంశానికి అధికారం మారిన క్రమం ఒకేచోట కనిపిస్తోంది. దానికితోడు తవ్వకాల్లో కోట గోడ, ఇటుక కట్టడాలు కూడా కనిపించాయి.

అయితే సిముకుడి పేరున్న శాసనం మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో ఉంది. అందుకే కొందరు పండితులు తొలి కేంద్రం పశ్చిమ దక్కనే అంటారు. నా మొగ్గు మాత్రం కోటిలింగాల వైపే.

పొలంలో పాత నాణెం దొరికితే తోమకండి. తుప్పుతో పాటు అక్షరాలూ పోతాయి. దొరికిన చోటు గుర్తుపెట్టుకుని పురావస్తు శాఖకు చెప్పండి.