పేట్రనైజ్ అంటే ఆదరించడమా, తక్కువ చేసి మాట్లాడటమా?

"డోంట్ పేట్రనైజ్ మి" అని జనం కోప్పడుతుంటారు, డిక్షనరీలో చూస్తేనేమో "ఆదరించు, పోషించు" అని ఉంది, ఇందులో ఏది నిజం అని అడిగారు. రెండూ నిజమే. ఆ రెండింటి మధ్య నేనొకసారి ఇరుక్కుపోయాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంగ్లండ్ క్లయింట్‌తో కాల్ ముగిస్తూ "థాంక్యూ ఫర్ పేట్రనైజింగ్ అస్" అన్నాను. మా ఊళ్లో బట్టల కొట్టు బిల్లు మీద "థాంక్యూ ఫర్ యువర్ పేట్రనేజ్" అని ఉండేది, అక్కణ్ణుంచి ఎత్తుకొచ్చిన ముక్క. అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు. "మమ్మల్ని చిన్నపిల్లల్లా చూసినందుకు థాంక్స్" అన్నట్టు వినపడిందట! కాల్ అయ్యాక మా లీడ్ ఆ సంగతి ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా చెప్పి, "తెలుగు మీడియం కదా, పర్లేదులే, నీ లెవెల్‌కి బాగానే మాట్లాడావ్" అని భుజం కూడా తట్టాడు. ఆ తట్టడం ఉంది చూశారూ, అదే పేట్రనైజ్ చేయడం.

మాట మూలం లాటిన్‌లో ఉంది. 'పాతెర్' అంటే తండ్రి, 'పాత్రోనుస్' అంటే ఆశ్రితుల్ని కాపాడే పెద్దమనిషి. మన సంఘాల సావనీర్లలో మహారాజ పోషకులని పేర్లు వేస్తారే, పేట్రన్లంటే వాళ్లే. డబ్బిచ్చే చేతికి పెద్దరికం దానంతటదే వస్తుంది మరి. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువులోనే, పేట్రన్ అంటే మామూలుగా పొగరుతో పోషించి పొగడ్తల్ని ప్రతిఫలంగా పుచ్చుకునే నీచుడు అని రాసేశాడు.

వాడేటప్పుడు దాని పక్కన ఏముందో చూడండి. షాపో హోటలో ఉంటే అక్కడికి గిరాకీగా వెళ్లడం, మనిషి ఉంటే దాదాపు ఎప్పుడూ ఫిర్యాదే. కాండిసెండ్ (ఎదుటివాళ్లని తక్కువగా చూస్తూ మాట్లాడటం) కూడా దగ్గరి మాటే కానీ దానికి 'టు' తగిలించాలి, దీనికి అక్కర్లేదు.

తెలుగులో "అవమానించు" అంటే కుదరదు, ఎందుకంటే పేట్రనైజ్ చేసేవాడు తాను మేలు చేస్తున్నాననే అనుకుంటాడు. "చిన్నచూపు" కొంత నయం, కానీ పైన పూసిన తీపి అందులో లేదు. ఆమధ్య అమ్మకి ఫోన్‌లో డబ్బులు పంపడం నేర్పిస్తూ, "ఇదిగో ఈ బటన్ కనిపిస్తోందా, మెల్లగా నొక్కాలమ్మా, భయపడకు" అంటున్నాను, ఇరవై మంది చీటీ లెక్క కాగితం లేకుండా నోటితో చెప్పే మనిషితో!

"ఉగ్గు పెట్టినట్టు చెప్పకురా, పిన్ ఎక్కడ కొట్టాలో చెప్పు" అంది.